నా పేరుతో జరిగిన మూడు మార్పులు

ఇంగ్లండులోని మా స్విండన్ తెలుగు సంఘం వెబ్‌సైట్‌లో నా పేరు మీద మూడు మార్పులు జరిగాయి. ఆ మూడింటిలో ఒక్కటీ నేను చేయలేదు. ఈ రెండు మాటలూ నిజమేనని నలుగురి ముందు నిరూపించాల్సి వచ్చింది. 2011 వేసవి సంగతి ఇది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎన్నో పనులు సజావుగా చేశాను గాని, ఆ వేసవిలో గెలిచినట్టు మరెప్పుడూ గెలవలేదు. అందుకే అప్పటి డైరీ పక్కన పెట్టుకుని తీరిగ్గా రాస్తున్నాను.

నేను ఈ ఊళ్లోనే గేర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో కొలతలు తనిఖీ చేసేవాణ్ణి. గేరు వచ్చేది, కొలిచేవాణ్ణి, ఎన్ని గంటలకు కొలిచానో టైముతో సహా పుస్తకంలో రాసేవాణ్ణి. ఇంట్లో డైరీ కూడా అలాగే రాస్తాను. వాన ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, జీపీ డాక్టరు దగ్గర ఎంతసేపు కూర్చున్నాను, కూరగాయల మడికి ఎన్నింటికి నీళ్లు పెట్టాను, అన్నీ ఉంటాయి. "మీరు తుమ్మితే కూడా అందులో ఎక్కుతుంది" అనేది మా ఆవిడ. తుమ్ములు రాయలేదు. జలుబు చేసిన రోజులు మాత్రం రాశాను.

రిటైరయ్యాక సంఘం వెబ్‌సైట్ నాకు అప్పగించారు. దాన్ని నడపడానికి ఒక సాఫ్ట్‌వేర్ ఉండేది. కంప్యూటర్ భాష రానివాళ్లు కూడా లాగిన్ అయి, తెర మీది పెట్టెల్లో మాటలు టైపు చేసి, ఒక మీట నొక్కితే పేజీ తయారవుతుంది. ఎవరు, ఎప్పుడు, ఏ పేజీ మార్చారో అదే ఒక చిట్టాలో రాసుకుంటుంది. నాకు ఆ చిట్టా మొదటి రోజే నచ్చింది. నాలాంటిదే ఇంకొకటి ఉందనిపించింది.

నా పని రెండు రకాలు. సంఘం కబుర్లు, తెలుగు వ్యాసాలు పెట్టడం ఒకటి. చదివినవాళ్లు పంపే వ్యాఖ్యలను చూసి, బాగున్నవాటిని పేజీ కింద కనిపించేలా అనుమతించడం రెండోది. ఈ రెండో పనిలో ఒక చిక్కుండేది. అప్పటికి ఎక్కడైనా ఒకేలా కనిపించే తెలుగు అక్షరాలు వచ్చేశాయి గాని, మా వయసువాళ్లు చాలామంది ఎప్పుడో నేర్చుకున్న పాత ఫాంట్లలోనే టైపు చేసేవారు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో అది చక్కటి తెలుగు. మరొకచోట తెరిస్తే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, బ్రాకెట్లు. అలాంటివి వచ్చినప్పుడు నేను చెరిపేసేవాణ్ణి కాదు. ఏ గుర్తు ఏ తెలుగు అక్షరమో మూడు ఫాంట్లకు మూడు పట్టికలు చేత్తో రాసుకున్నాను. ఆ వ్యాఖ్యను దిద్దే తెర మీద తెరిచి, పట్టిక చూసుకుంటూ ఒక్కో అక్షరం మార్చి మళ్లీ టైపు చేసేవాణ్ణి. చదవకుండా ఎవరి తెలుగునూ చెరపకూడదన్నది నేను పెట్టుకున్న నియమం. షెఫీల్డ్ నుంచి ఒకాయన అలాగే నెలకొక వ్యాఖ్య పంపేవారు. అవి తెలుగులోకి తిప్పితే భలే చమత్కారంగా ఉండేవి.

జూన్‌లో ఒక మంగళవారం మధ్యాహ్నం మా కార్యదర్శి ఫోన్ చేశాడు. నలభై ఏళ్లవాడు, వరంగల్ వైపు మనిషి, ఇక్కడ ఒక పెద్ద కంపెనీలో ప్రాజెక్ట్ మేనేజరు.

"అంకుల్, ఇయ్యాల సైట్ ఓపెన్ చేసిన్రా?"

"పొద్దున పిక్నిక్ నోటీసు పెట్టాను. ఏం?"

"ఆ పిక్నిక్ ఎప్పుడో చూద్దామని మా అత్తమ్మ ఓపెన్ చేస్తే బరువు తగ్గే గోలీల దుకాణం వచ్చింది. నన్ను లావున్నవంటున్నవా అని నా మీద అలిగి కూసున్నది."

చూశాను. ముందుపేజీలో ఎవరో కంప్యూటర్ భాషలో ఒక వరుస చేర్చారు. పేజీ తెరిచినవాళ్లను అది నేరుగా ఆ మాత్రల అంగడికి తీసుకుపోతోంది. చిట్టాలో ఆ మార్పు నా పేరు మీద ఉంది. కార్యదర్శి ఆ వరుస తీసేసి, నా పాస్‌వర్డ్ మార్చి కొత్తది ఇచ్చాడు. శుక్రవారం మళ్లీ అదే అంగడి, మళ్లీ నా పేరే. మళ్లీ పాస్‌వర్డ్ మార్చాడు.

"డైరీల రాసుకుంటున్రా అంకుల్, పాస్‌వర్డ్?"

"అన్నీ రాస్తాను. అది మాత్రం రాయను."

"ఆంటీ ఎవరికన్న చెప్పిండొచ్చు..."

స్పీకర్ ఫోన్‌లో మాట్లాడుతున్నాను. వంటింట్లోంచి మా ఆవిడ వినేసింది. "నా బ్యాంకు కార్డు నంబరే నాకు గుర్తుండదు బాబూ! మీ సైటు తాళం నేనెక్కడ మోస్తాను?" అని అక్కడినుంచే కేకేసింది.

తరవాతి బుధవారం మూడోసారి జరిగింది. ఆ సాయంత్రమే కార్యదర్శి కమిటీకి మెయిల్ రాశాడు. అంకుల్ చాలా సేవ చేశారు, ఇప్పుడు ఆయనకు విశ్రాంతి ఇద్దాం, తెలుగు పేజీలు చూసుకునే మనిషి ఉండడు కాబట్టి వాటిని మూసేసి ఇంగ్లీషులో నడుపుదాం, వచ్చే ఆదివారం సమావేశంలో నిర్ణయిద్దాం. మర్యాదగానే రాశాడు. ఆ మర్యాదే నాకు గుచ్చుకుంది. నేను తప్పుడు మనిషినని ఎవరూ అనుకోలేదు. వయసు మీద పడింది, ఏం చేస్తున్నాడో ఆయనకే తెలియడం లేదు పాపం అనుకున్నారు. ఒకావిడ మా ఆవిడకు ఫోన్ చేసి, మతిమరుపుకు మంచి డాక్టరున్నారని కూడా చెప్పింది. ఆదివారం నా మాట నిలబడకపోతే ఆ పేరు నాకు ఉండిపోతుంది. నేను ఐదేళ్లు కూర్చి పెట్టిన తెలుగు పేజీలు నాతోపాటే పోతాయి.

డైరీ తీశాను. చిట్టాలో మొదటి మార్పు 10:42కు జరిగింది. ఆ టైముకు నేను సర్జరీలో, అంటే మా జీపీ డాక్టరు క్లినిక్‌లో, బీపీ చూపించుకుంటున్నాను. రెండోది మధ్యాహ్నం 3:06. అప్పుడు నేను కూరగాయల మడిలో నీళ్లు పెడుతున్నాను. మూడోది 9:19. ఇడ్లీలు తింటున్నాను. ఇంతకంటే ఏం కావాలి? మూడూ వరుసగా రాసి కమిటీ అందరికీ పంపేశాను. పది నిమిషాల్లో కార్యదర్శి ఫోన్ చేశాడు.

"మంచిగ రాసిన్రు అంకుల్. మీరు లేరంటే ఇంకెవరో మీ పాస్‌వర్డ్‌తోటి వచ్చిన్రన్నట్టే కద? నేను చెప్తున్నది గదే."

నా సాక్ష్యం నాకే అడ్డం తిరిగింది.

మా కోడలు మాతోనే ఉంటుంది. అనంతపురం వైపు పిల్ల. ఊళ్లోనే ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఎవరో కష్టపడి తయారుచేసినదాన్ని ఎలా పాడుచేయవచ్చా అని ఆలోచించడమే తన ఉద్యోగమని చెబుతుంది. గురువారం ఆఫీసు నుంచి రాగానే, డైరీ, చిట్టా ప్రింటు బల్ల మీద పరుచుకుని కూర్చున్న నన్ను చూసి కోటు కూడా విప్పకుండా పక్కన కూర్చుంది.

"మామా, పిక్నిక్ నోటీసు మీరు పెట్టింది ఎన్నింటికి?"

"పదకొండూ ఇరవైకి."

"చిట్టాలో పదీ ఇరవై అని ఉండాదే?"

ఇద్దరం ఇంకో నాలుగు చూశాం. నేను పెట్టిన ప్రతిదీ చిట్టాలో సరిగ్గా గంట వెనకగా ఉంది.

"మార్చిలో గడియారాలు గంట ముందుకు జరుపుకుంటాం గదా మామా. మన సైటు గడియారం ఎవరూ జరపలేదు. అదింకా చలికాలంలోనే ఉండాది."

గంట కలిపితే మొదటి మార్పు 11:42. ఆ టైముకు నేను సర్జరీ నుంచి వచ్చేసి ఈ కంప్యూటర్ ముందే కూర్చున్నాను. రెండోది 4:06, అప్పుడూ ఇక్కడే. మూడోది 10:19, అప్పుడూ ఇక్కడే. నేను లేనని అందరికీ రాసిన మూడు నిమిషాల్లోనూ నేను లాగిన్ అయి ఉన్నాను.

మా ఆవిడ టీ తెచ్చి విషయం విన్నది. "ఆ గంట తేడా వాళ్లెవరికీ తెలీదు కదండీ. ఊరుకోండి" అంది.

"కొలిచే పనిముట్టు తప్పని తెలిశాక పాత కొలత ఉంచుకోవడం నా వల్ల కాదు" అన్నాను. అని, ఎర్ర ఇంకుతో నా మూడు సాక్ష్యాలనూ కొట్టేశాను. ఒకవేళ వాళ్లనుకునేదే నిజమా అని ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది. అది కూడా ఆ రోజు డైరీలో ఉంది.

కోడలు మాత్రం ఇంకా ఉత్సాహంగా ఉంది. "సరే మామా, ఆ మూడు నిమిషాల్లో ఏం చేస్తా ఉంటిరి?"

చదివాను. 11:41, అర్థంకాని వ్యాఖ్య తెరిచాను. 4:05, అర్థంకాని వ్యాఖ్య మళ్లీ తెరిచాను. 10:18, అదే వ్యాఖ్య, కొత్త పట్టికతో ప్రయత్నించాను.

తను తలెత్తి చూసింది. "మూడుసార్లూ ఒకటే వ్యాఖ్యనా? ఏదీ, చూపించండి. తెరవొద్దు! వరుసలో పైపైన కనిపించేదే చూపించండి."

చూపించాను. రెండు వరుసల పిచ్చి అక్షరాలు.

"ఇది స్పామ్ మామా. ఏదో మిషను పంపింటాది. ఎవరైనా చూస్తానే చెరిపేస్తారు. మీరెందుకు తెరిచినారు?"

"తెలుగేమోనని."

"దీంట్లో తెలుగు యాడుండాది మామా?"

నా దగ్గరున్న మూడు పట్టికలకూ ఆ వ్యాఖ్య లొంగలేదు. అందుకని నేను నాలుగో పట్టిక మొదలుపెట్టాను. ఏ గుర్తు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కగట్టి, 'రా' ఏదో, 'ము' ఏదో దాదాపు తేల్చాను. ఆ కాగితం తీసి చూపించాను. తను దాన్ని చూసి, నన్ను చూసి, బల్ల మీద తల పెట్టుకుని భుజాలు ఎగిరెగిరిపడేలా నవ్వింది.

"మిషను వాంతిలో నుంచి తెలుగు తీసినారు మామా మీరు! ఇంకో వారం ఉంటే పద్యం వచ్చేది!"

నవ్వు ఆగాక అసలు సంగతి చెప్పింది. వ్యాఖ్య పంపేవాళ్లకు నాలుగు పెట్టెలుంటాయి: పేరు, మెయిలు, వాళ్ల సొంత వెబ్‌సైటు చిరునామా, వ్యాఖ్య. ఏ పెట్టెలో ఏం రాసినా సాఫ్ట్‌వేర్ దాన్ని ఉత్త మాటలుగానే చూపించాలి. ఈ దొంగ చిరునామా పెట్టెలో చిరునామా బదులు కంప్యూటర్‌కు ఇచ్చే ఆజ్ఞ ఒకటి రాశాడు. దిద్దే తెర తెరిచినప్పుడు సాఫ్ట్‌వేర్ దాన్ని మాటగా చూపించకుండా ఆజ్ఞగా అమలు చేస్తోంది. తెరిచింది నేను, లాగిన్ అయి ఉన్నది నేను, కాబట్టి అమలయ్యేది నా పేరు మీద. దీన్ని క్రాస్-సైట్ స్క్రిప్టింగ్ అంటారట. నాకు అర్థమైంది ఇలా: చదువురాని యజమానికి ఉత్తరం చదివి వినిపించమని ఒకణ్ణి పెట్టారు. ఉత్తరంలో 'పెరటి తలుపు తియ్యి' అని ఉంది. చదివి వినిపించాల్సినవాడు పోయి తలుపు తీసి వచ్చాడు. తాళంచెవి ఎన్నిసార్లు మారిస్తే మాత్రం ఏం లాభం? తలుపు తీసేవాడు లోపలే ఉన్నాడు.

అంటే నా పాస్‌వర్డ్ ఎక్కడికీ పోలేదు. నా మతీ పోలేదు. ఆ రాత్రి భోజనంలో పెరుగు రెండుసార్లు వడ్డించుకున్నాను.

శుక్రవారం కోడలు సెలవు పెట్టింది. మా సైటుకు అచ్చం నకలు తన లాప్‌టాప్‌లో తయారుచేసింది. అసలు సైటు మీద ప్రయోగాలు చేయకూడదని తన నియమం. చిరునామా పెట్టెలో ముందుపేజీ శీర్షికను 'ఉప్మా బాగుంది' అని మార్చే ఆజ్ఞ రాసింది. నేను నకలులో లాగిన్ అయి ఆ వ్యాఖ్య తెరిచాను. ముందుపేజీలో ఉప్మా బాగుంది.

"దొరికింది మామా! ఇంక పంపిద్దాం వాళ్లకి."

"ఆగమ్మా. ఒకసారి కొలిస్తే కొలత కాదు."

నాలుగు పెట్టెలు, రెండు తెరలు: వ్యాఖ్యలు వరుసగా కనిపించే తెర ఒకటి, దిద్దే తెర ఒకటి. ఒక్కో పెట్టెనూ ఒక్కో తెర మీద మూడేసిసార్లు చూడాలన్నాను. గళ్లు గీశాను. తను టైపు చేసింది, నేను టైము వేసి రాశాను. సాయంత్రానికి తేలింది. మిగతా గళ్లన్నీ శుభ్రంగా ఉన్నాయి. దిద్దే తెర మీద చిరునామా పెట్టె ఒక్కటే మూడింటికి మూడుసార్లూ తలుపు తీసింది.

"మా ఆఫీసులో కూడా ఇంత పద్ధతిగా చెయ్యరు మామా" అంది. నా సర్వీసులో ఏ మేనేజరూ నాతో అంత మంచి మాట అనలేదు.

ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లకు ఇద్దరం కలిసి మెయిల్ రాశాం. నా గళ్ల కాగితం స్కాన్ చేసి జతపెట్టాం. ఎక్కడెక్కడో ఉండి కలిసి పనిచేసే మనుషులట వాళ్లు. శనివారం పొద్దున్నే జవాబొచ్చింది. మీరు చెప్పింది నిజం, మా దగ్గర కూడా అలాగే జరిగింది, మీ పట్టిక వల్ల తప్పు ఏ వరుసలో ఉందో వెంటనే దొరికింది, దిద్దిన సాఫ్ట్‌వేర్ విడుదల చేసేదాకా బయట చెప్పకండి, వేరే సైట్లకు కూడా ప్రమాదం, అని. ఆ మెయిల్‌ను మా ఆవిడకు తెలుగులో రెండుసార్లు చదివి వినిపించాను. రెండోసారి ఆవిడే అడిగింది.

ఆదివారం కమ్యూనిటీ హాల్లో పదిమంది కూర్చున్నారు. మా అధ్యక్షురాలు నెల్లూరు వైపు ఆవిడ, ఊళ్లో జీపీ డాక్టరు. ఇక్కడ విన్నది ఇంకో వారం పది రోజులు బయటికి పోకూడదని ముందే అందరిచేతా మాట తీసుకోమని ఆవిణ్ణి అడిగాను. తీసుకున్నారు.

నేను లేచి మొదట నా తప్పు చెప్పాను. "నేను రాసిన మూడు సాక్ష్యాలూ తప్పు. గంట తేడా ఉంది. ఆ మూడుసార్లూ కంప్యూటర్ ముందు ఉన్నది నేనే."

హాల్లో ఎవరో "అయ్యో" అన్నారు. ఆ స్వరంలో జాలి తెలుస్తూనే ఉంది.

"అంటే మీరే చేసిన్రన్నట్టు కద అంకుల్" అన్నాడు కార్యదర్శి నెమ్మదిగా. పాపం, అతనికీ కష్టంగానే ఉంది.

"ఇలా వచ్చి కూర్చో బాబూ" అన్నాను.

మా కోడలు లాప్‌టాప్ తిప్పింది. ప్రొజెక్టర్ పెట్టడంతో తెర గోడ మీద అందరికీ కనబడుతోంది. నకలులో అతని పేరున లాగిన్ పెట్టి, ఎవరూ చూడకుండా అతనికి నచ్చిన పాస్‌వర్డ్ అతన్నే వేసుకోమంది. వేసుకున్నాడు.

"ఎవరికన్నా చెప్పినావా అన్నా, పాస్‌వర్డ్?"

"ఇప్పుడే కద పెట్టిన! ఎవరికి చెప్త?"

"డైరీలో రాసుకున్నావా?"

హాల్లో కిసుక్కుమన్నారు. అతనూ నవ్వాడు.

"వ్యాఖ్యల్లో మొదటిది తెరువు. ఏమీ మార్చొద్దు. ఊరికే చూడు."

తెరిచాడు. చూశాడు. ఇప్పుడు ముందుపేజీకి వెళ్లమంది. వెళ్లాడు. గోడ మీద ఇంత పెద్ద అక్షరాలతో కనిపించింది: 'వచ్చే శనివారం కార్యదర్శిగారి ఇంట్లో భోజనాలు. అందరూ రావాలి.'

"ఇదెవరు పెట్టిన్రు?"

"చిట్టా చూడు" అన్నాను.

చూశాడు. మార్చినవారు: కార్యదర్శి. టైము: నిమిషం కిందట.

"నా పేరే ఉన్నది... కని నేను మార్చలె! మీరందరు చూసిన్రు కద, నేనేం ముట్టలె!"

రెండు వారాలుగా నేను చెబుతున్న మాటను అతను అక్షరం పొల్లుపోకుండా తన నోటితో తనే చెప్పాడు. ఆ మాట తన చెవిన పడ్డాక కుర్చీలో వెనక్కి వాలి, రెండు చేతులూ తల మీద పెట్టుకుని పకపకా నవ్వడం మొదలుపెట్టాడు. హాలంతా నవ్వింది.

"భోజనాలు ఎన్ని గంటలకు బాబూ?" అని అడిగారు అధ్యక్షురాలు. తరవాత నా వైపు తిరిగి, "అన్నయ్యగారూ, మీ తప్పు మీరు ముందు చెప్పుకోకపోతే మిగతాది నేను నమ్మేదాన్ని కాదు" అన్నారు. తెలుగు పేజీలు మూయడం గురించి ఓటు అడిగితే ఒక్క చెయ్యి కూడా లేవలేదు. కార్యదర్శి చెయ్యి అప్పటికీ తల మీదే ఉంది.

మతిమరుపు డాక్టరు పేరు చెప్పినావిడ బయట కారు దగ్గర మా ఆవిణ్ణి పట్టుకుంది. "మీవారి బుర్ర బుర్ర కాదండీ" అందట. మా ఆవిడ ఇంటికొచ్చేదాకా దాన్ని నెమరేసుకుంటూనే ఉంది.

తరవాతి వారం దిద్దిన సాఫ్ట్‌వేర్ విడుదలైంది. ఏమేం బాగుచేశారో చెప్పే ప్రకటనలో మూడో వరుస మాది. ఈ తప్పు చూపించినందుకు కృతజ్ఞతలని, మా కోడలి పేరు, నా పేరు పక్కపక్కనే వేశారు. ప్రపంచంలో ఎక్కడెక్కడ ఆ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారో అక్కడల్లా ఆ పెట్టెలో తలుపు మూసుకుంది. ఆ పేజీ ప్రింటు తీసి డైరీలో అంటించాను. మనవరాలు దాన్ని చూసి "తాతా, యూ ఆర్ ఎ హ్యాకర్!" అని స్కూల్లో అందరికీ చెప్పుకుంది. దిద్దాలని చూశాను గాని వినలేదు. వదిలేశాను.

కార్యదర్శి మాట తప్పలేదు. శనివారం నిజంగానే అందరికీ భోజనాలు పెట్టాడు. చేతులు కడుక్కున్నాక లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టాడు.

"అంకుల్, మొత్తం సైటు అధికారం మీకే ఇచ్చిన. ఎవరి పవర్ ఎంతో మీరే చూసుకోండ్రి."

అక్కడే కూర్చుని మొదట సైటు గడియారం సరిచేశాను. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. తరవాత వ్యాఖ్యలు చూడటానికే వేరే పేరు ఒకటి పెట్టాను. ఆ పేరుతో లాగిన్ అయితే వ్యాఖ్యలు తప్ప ఇంకేదీ ముట్టుకోవడానికి వీల్లేదు. రేపు ఇంకో పెట్టెలో ఇంకో ఆజ్ఞ వచ్చినా అది అమలు చేయడానికి ఆ పేరుకు అధికారమే ఉండదు. ఇక కార్యదర్శి ఖాతా తెరిచి, అతను చేసే పనికి కావలసినంత అధికారం ఉంచి మిగతాది కత్తిరించాను.

అతను భుజం మీదుగా చూస్తున్నాడు. "నాది కూడ తీసేస్తున్రా అంకుల్?"

"నాది కూడా తీసేస్తున్నాను. పెద్ద తాళం మన అధ్యక్షురాలు డాక్టరుగారి దగ్గర ఉంటుంది. ఆవిడ ఎప్పుడూ లాగిన్ అవ్వరు."

"గట్లనే కానియ్యండ్రి" అన్నాడు. అతనే నాకు ఇంకో గ్లాసు మజ్జిగ తెచ్చి ఇచ్చాడు.

2019లో చూపు తగ్గి ఆ పని వదిలేదాకా నేనే చూసుకున్నాను. అన్నేళ్లలో మా ముందుపేజీలో మేము రాయని వాక్యం ఒక్కటి కూడా కనిపించలేదు.